నా తుపాకీ తన్ను రెండు

చవితి
భుజం: బాగుంది. వాపు లేదు.

కొలత తుపాకీ పట్టేవాళ్ళు చవితి మొదలు పున్నమి మర్నాటి దాకా రోజూ తమ భుజం సంగతి రాసి తీరాలని మా రెండు ఊళ్ళకీ, అంటే రెండు గట్లకీ కట్టుబాటు. రాసినదాన్ని ఎవరూ చదవరు. చదవరు కాబట్టే నేను భుజంతో ఆపను, నోటికొచ్చిందల్లా రాస్తాను.

పొద్దున్నే ఊటకోనకి వెళ్ళి నాలుగు బిందెలు తెచ్చాను. వరసలో తోపులాట లేదు, ఎందుకంటే ఇవాళ వంతు మా జీడిగట్టుది. పది రోజుల్లో ఏడు రోజులు మావి, మూడు రోజులు ఎదర ఉన్న రాళ్లగట్టు వాళ్ళవి. చుట్టూ సముద్రం ఉన్నా తాగడానికి ఉన్నది ఆ ఒక్క కోనే. ఉప్పునీళ్ళని మంచినీళ్ళు చేసే యంత్రం నేను పుట్టకముందే మూగబోయింది. దాన్ని ఇప్పుడు కోళ్ళ గూడుగా వాడుకుంటున్నాం.

ఆ ఏడు రోజులూ నా భుజం పుణ్యమే. ఈ మాట అన్నందుకు మా ఆయన నన్ను గొప్పలపోతు అంటాడు. అననీ. అమ్మమ్మల కాలంలో ఈ నీళ్ళ కోసం రెండు గట్ల వాళ్ళూ నిజంగానే కాల్చుకున్నారట. చావగా మిగిలినవాళ్ళు తుపాకులు పెట్టెలో పెట్టి, ఆ పోరుని బల్ల మీదకి తెచ్చారు. బల్ల మీద ఎంత గెలిస్తే అన్ని రోజుల నీళ్ళు. జీడిగింజలే మనుషులు, ఇరవై మొహాల పాచికే తూటా. అయితే తుపాకీ బల్ల మీద కూడా తుపాకీలాగే ఉండాలి, బొమ్మలా ఉండకూడదు. అందుకని మొదటి దెబ్బకి పాచిక ఎంత పడితే అంత. వెంటనే రెండో దెబ్బ కొడితే పడినదాంట్లోంచి తుపాకీ తన్ను అంకె తీసెయ్యాలి. మూడో దెబ్బకి తన్ను రెండింతలు తీసెయ్యాలి. ఒక విడత ఊరికే కూర్చుంటే గింజ మళ్ళీ కుదురుకుంటుంది.

ఆ తన్ను ఎంతో ఎవరూ ఊహించి రాయడానికి లేదు. ప్రతి గట్టు నుంచీ ఒకరు రెండు గట్ల ముందూ నిలబడి, గుక్క తిప్పుకోకుండా మూడు తూటాలు చెక్క పలక మీద కాల్చాలి. ప్రతి దెబ్బకీ తుపాకీ వెనక్కి తన్ని, మూతి పైకి లేస్తుంది కదా. మొదటి చిల్లుకీ మూడో చిల్లుకీ మధ్య ఎన్ని వేళ్ళు పడితే అదే ఆ గట్టు తన్ను. రాళ్లగట్టు తవిటినాయుడిది ఐదు. నాకు ముందు ఈ తుపాకీ పట్టిన మా అమ్మది ఆరు.

నాది రెండు. ఒకసారి మూడో చిల్లు మొదటిదాని కంటే కిందకే పడింది. కొలవడానికి వచ్చిన రాళ్లగట్టు దాలమ్మ తన వేళ్ళు తానే రెండుసార్లు లెక్కపెట్టుకుంది.

సాయంత్రం మా చెల్లెలు బంగారి వచ్చి ఉత్త తుపాకీతో నిలబడడం నేర్చుకుంది. తూటాలు ఇలా పారేసుకోవడానికి మా దగ్గర లేవు. సాధకమంతా ఉత్త తుపాకీతోనే.

"ఒలే, వెనక్కి వంగిపోతావేటి? పిల్లాడిని ఎత్తుకున్నావా? ముందుకి వాలు. చెక్క భుజం గుంటలో కూకోవాలి, ఎముక మీద గాదు."

"వాలినానప్పా. ఇంకెంత వాల్తాను, పడిపోతాను."

"పడిపోవు. అది నిన్ను వెనక్కి తోస్తాది, నువ్వు దాన్ని ముందుకి తోస్తావు. దానికీ నీకూ సరిపోతాది."

నాకు తెలిసిందంతా ఇదే. ఇది తెలియకే అమ్మ భుజం మీద జీవితమంతా నిమ్మకాయంత కాయ ఉండిపోయిందని నా నమ్మకం.

షష్ఠి
భుజం: బాగుంది. మెడ పట్టేసింది. తప్పు దిండుది.

దిండు రోజురోజుకీ అప్పడంలా అయిపోతోంది. బూరుగుదూది ఎక్కడికి పోతోందో అర్థం కాదు. మా ఆయన గౌరునాయుడిని అడిగితే, "నీ బుర్ర బరువుకి అణిగిపోనాది" అన్నాడు. తూటాల్లో మందు కూరేది ఆయనే. గట్టు మొత్తానికి ఆ పని తెలిసిన చెయ్యి ఆయనదొక్కటే కాబట్టి ఇంట్లో నోటికి కూడా గిరాకీ ఎక్కువ.

ఇవాళ గట్టు పెద్ద అప్పలసూరి గారి అరుగు మీద పెద్దలంతా బల్ల వేశారు. నేను జీడిపప్పు వేయించి పట్టుకెళ్ళాను, అలా అన్నీ విన్నాను. బల్ల మీద ఊటకోనకి సముద్రం వైపున్న తలుపు పెట్టి, ఎదురుగా ఆరుగురు రాళ్లగట్టు వాళ్ళున్న పడవని పెట్టి, తలుపు దగ్గర తన్ను రెండున్న ఒకే ఒక్క గింజని నిలబెట్టారు. పొద్దున్నుంచీ ఆడారు. ఆడిన ప్రతిసారీ ఆ ఒక్క గింజే గెలిచింది.

అప్పలసూరి గారు లేచి కండువా దులిపారు. "ఇంక వంతులెందుకు? పున్నమి కొలత అయిపోగానే తలుపు మూసీదాం. పెట్టిలో తుపాకీ బయటకి తీసి ఒక్కర్ని నిలబెడితే సాలు. బల్ల సెప్పీసింది."

ఆ ఒక్కరూ బంగారి. కొలత తుపాకీ పట్టిన చెయ్యి మనిషి మీదకి ఎత్తకూడదని నియమం, కనుక నన్ను పంపరు. ఒకే కడుపున పుట్టినవాళ్ళకి ఒకే అంకె అన్నది ఇంకో నియమం. అంటే నా రెండే బంగారికీ రెండు.

రాళ్లగట్టు వాళ్ళు ఏం తాగుతారని నేను అడగలేదు. అడగాల్సింది. ఆ క్షణంలో నాకు వినపడిందల్లా నా అంకె ఒక్కటే. బంగారి ఇంటికొచ్చి నన్ను చుట్టేసుకుని గిర్రున తిప్పింది. పిల్ల బరువు గట్టిగా రెండు బిందెలంత కూడా ఉండదు.

అష్టమి
భుజం: ఎత్తలేకపోతున్నాను. ఎడమ చేత్తో రాస్తున్నాను.

జీడితోటలో అడవిపంది పడింది. పంది మనిషి కాదు కాబట్టి నేను కాల్చవచ్చు. అప్పలసూరి గారు కబురు పెట్టి, తలుపు కాపలాకని తయారుచేసిన తూటాల్లోంచి ఒకటి నాకిమ్మన్నారు. మా ఆయన పెట్టె తెరిచి, ఒక తూటా తీసి నా చేతిలో పెట్టాడు. కాసేపు నా వైపే చూశాడు. "జాగర్త" అన్నాడు. పంది గురించి అనుకున్నాను.

బంగారి, ఇరుగుపొరుగు అంతా చూస్తున్నారు. నేను ఎప్పటిలాగే వాలి, చెక్క గుంటలో కుదించి, మీట నొక్కాను.

తర్వాత నేను వెల్లకిలా ఉన్నాను. పైన జీడికొమ్మ విరిగి వేలాడుతోంది. పంది నన్ను తొక్కకుండా పక్కనుంచి పోయిందంటే అది దాని మంచితనం. కనుబొమ్మ చీలి, కంట్లోకి రక్తం కారుతోంది. భుజంలో ఏదో తలుపు ఊడిపోయినట్టుంది.

జనం నవ్వారు. నవ్వరా మరి? తన్ను రెండు అసిరమ్మ ఒక పందికి సాష్టాంగపడింది, అదీ వెల్లకిలా. బంగారి మాత్రం నవ్వలేదు. "సెప్పు జారినాదేటప్పా?" అంది. అవును జారిందన్నాను.

కనుబొమ్మకి మా ఆయనే కుట్లు వేశాడు. చాలా నెమ్మదిగా వేశాడు.

నవమి
భుజం: నల్లబడింది.

"మావా, ఆ తూటాకేటైనాది?" అని అడిగాను.

"సేతికొలత తప్పినాను. మందు రెండుసార్లు పడిపోనాదేమో."

నమ్మాను. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన చేతికొలత ఉప్పులో కూడా తప్పలేదని అప్పుడు గుర్తు రాలేదు. పైగా ఓదార్చాను కూడా. "పోనీలే, ఇది బంగారికి పడకుండా నాకు పడినాది" అన్నాను. ఆయన గభాల్న లేచి బయటకెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం బంగారికి కాపలా తూటాల సంచి ఇచ్చారు. మా ఇంట్లో మేకుకే తగిలించింది, తన ఇంట్లో ఎలకలని. నా కొలత తూటాలు మూడూ ఆనవాయితీ ప్రకారం దీపం ముందు పెట్టి ఉన్నాయి. చూడ్డానికి అన్నీ ఒకటే ఇత్తడి, ఒకటే మూతి.

ఏకాదశి
భుజం: దాని సంగతి తర్వాత.

దీపం తుడుస్తుంటే ఒక తూటా చేతిలోకి వచ్చింది. ఊరికే సంచిలో తూటా ఒకటి తీసి రెండో చేతిలో పెట్టుకున్నాను. బరువు ఒకటిగా లేదు. కూరగాయలు తూచినట్టు చేతులు మార్చి చూశాను. అయినా ఒకటిగా లేదు.

నా తూటా మూతి కత్తితో తీశాను. గుండు ఊడి వచ్చింది. దాని వెనక దూది. లాగేకొద్దీ వస్తోంది. తెల్లగా, మెత్తగా, జారిపోయే బూరుగుదూది. అడుగున కాస్త మందు, కంటికి కాటుక పెట్టుకునేంత.

నా దిండు ఎక్కడికి పోతోందో తెలిసింది.

మా ఆయన పెరట్లో మందు ఆరబెడుతున్నాడు. ఆ దూది తీసుకెళ్ళి ఆయన ముందు పెట్టాను.

"ఇదేటి మావా?"

చూశాడు. "దూది."

"దూదని నాకూ కనబడతంది. తూటాలోకెందుకొచ్చినాది?"

చేతికున్న మందు పంచెకి తుడుచుకున్నాడు. "మందు తగ్గిస్తే తన్ను తగ్గుతాది. సముద్రం వైపు గాలిలో కాలుస్తారు గదా, సప్పుడు తేడా ఆల్లకి తెల్దు."

"ఎప్పుటి నుంచి?"

"నువ్వు పట్టిన కాడి నుంచి."

"ఎవులెవులికి తెలుసు?"

"పెద్దోల్లందరికీ."

"నాకెందుకు సెప్పలేదు?"

అప్పుడాయన అన్న మాట ఉన్నదున్నట్టు రాస్తాను. "నీకు సెప్తే నువ్వలగ ముందుకి వాల్తావేటి అసిరీ? నీ వాలు సూసే గదా ఆల్లు నమ్మినారు. నటించమంటే నీ సేత గాదు. నీ మొకం దాయలేదు."

తల కొట్టేసినట్టయింది. నేను పళ్ళు బిగించి, ప్రాణమంతా భుజంలో పెట్టి నిలబడుతుంటే, వెనక కూర్చున్న పెద్దలంతా నన్ను చూసి లోలోపల నవ్వుకున్నారన్నమాట. మూడో చిల్లు కిందకి పడడం నా పనితనం కాదు. తన్నని తుపాకీని నేనే పిచ్చిదానిలా కిందకి తోశాను. అందరికీ తెలిసిన ఆటలో ఆడుతున్నానని తెలియని గింజని నేనొక్కదాన్నే.

"పందికి నాను ఎల్తన్నప్పుడు తూటా సేతిలో పెట్టినావు. అది నిండు తూటా. నీకు తెలుసు."

"అందరూ ఉన్నారు..."

"జాగర్తన్నావు."

"అన్నాను."

అన్నాడు. నన్ను తన్నబోతుందని తెలిసీ అంత మాటతో సరిపెట్టుకున్నాడు, తర్వాత కూర్చుని ఓపిగ్గా కుట్లు వేశాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంతలోనే ఒళ్ళు చల్లబడే మాట ఒకటి తట్టింది.

"మావా, ఆ రెండు అబద్దం గదా. మరి తలుపు కాడ బంగారి ఒక్కర్తే సాలని ఏ అంకెతో లెక్కేసినారు?"

ఆ మొహం చూస్తే తెలిసింది. ఆయనకి ఈ ఆలోచనే రాలేదు. ఎదటివాళ్ళ కోసం రాసిన అంకెని ఇన్నేళ్ళూ బల్ల మీద ఆడి ఆడి, అది అబద్ధమన్న సంగతి రాసినవాళ్ళే మర్చిపోయారు.

ద్వాదశి
భుజం: పచ్చబడుతోంది.

అప్పలసూరి గారి దగ్గరికి వెళ్ళాను. కుట్లు పడ్డ కనుబొమ్మ, నల్లటి భుజం చూపించి, బంగారి మొదటి దెబ్బకే పడిపోతుందని, రెండో దెబ్బ కొట్టేలోపు పడవ తలుపు దాటేస్తుందని చెప్పాను.

"బల్ల మీద ఒక్కసారైనా ఓడినాదేటమ్మా?" అన్నారు.

"బల్లకి సెప్పిందే అబద్దం కదండీ."

"అబద్దమైతే ఇన్నేల్లు ఎలగ గెలిచినాం?" ఆయన నిజంగానే అడిగారు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. తర్వాత గొంతు తగ్గించారు. "కొలత కాడ నోరిప్పకు. నీ సెల్లి తాగిందీ ఆ నీల్లే."

బంగారికి చెప్పాను. దూది చూపించాను. దాని మొహం మాడిపోయింది, నేననుకున్నందుకు కాదు.

"నాకూ నీ అంకె వొచ్చినాదని కుళ్ళా అప్పా? పందికి పడిపోనావు, ఇప్పుడు తూటా మీద ఏస్తన్నావు. ఆ దూది నువ్వే కూరుంటావు. బావ అలగ సేస్తాడేటి? నన్ను ఎత్తుకుని పెంచినోడు."

మా ఆయన అక్కడే ఉన్నాడు. గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. ఒక్క మాట. "నిజమే" అని ఒక్క మాట అంటే చాలేది. అనలేదు.

పున్నమి
భుజం: కొలతకి సిద్ధం.

పొద్దున్న బంగారి సంచిలోంచి మూడు తూటాలు తీసి బొడ్లో దోపుకున్నాను. దీపం ముందున్న నావి కొంగుకి కట్టుకున్నాను. సముద్రం మీంచి గాలి ఎప్పటిలాగే బలంగా వీస్తోంది. ఆ గాలిని కూడా ఇన్నేళ్ళూ నాకు పరీక్షగా పెట్టారనుకున్నాను.

రెండు గట్ల వాళ్ళూ ఇటూ అటూ కూర్చున్నారు. రాళ్లగట్టు ఆడవాళ్ళ పెదాలు పగిలి ఉన్నాయి. ఇంతకుముందూ పగిలే ఉండి ఉంటాయి. నేను చూడలేదు.

కర్రసాయంతో వచ్చిన దాలమ్మ నా కనుబొమ్మ చూసి, "ఏటైనాది తల్లీ?" అంది. "పంది" అన్నాను.

బొడ్లోని నిండు తూటాలు పెట్టి నిలబడ్డాను. వాలాను. ఈసారి ఏం రాబోతుందో తెలిసి వాలడం వేరు. మోకాళ్ళు సడలించి, చెంప చెక్కకి ఆనించి, నల్లబడ్డ చోటే చెక్కని కుదించి మొదటిది కాల్చాను. కళ్ళ ముందు తెల్లగా అయింది. రెండోది. నోట్లో రక్తం రుచి. మూడోదానికి తుపాకీ నా చేతుల్లోంచి ఎగిరిపోబోయింది, నేను వదల్లేదు. ఒక అడుగు వెనక్కి పడింది. పడింది అడుగే, నేను కాదు.

దాలమ్మ పలక మీద వేళ్ళు పెట్టింది. ఒక చెయ్యి చాలక రెండో చెయ్యి పెట్టింది.

"ఏడు" అంది.

అప్పలసూరి గారు లేచిపోయారు. "దెబ్బ తగిలినాది దానికి, కంటి మీద కుట్లు సూడండి! ఒకే కడుపు ఒకే అంకె. సెల్లి ఉన్నాది. ఒలే బంగారీ, రా, నువ్వు కాల్చు."

బంగారి ఆ మాట కోసమే చూస్తున్నట్టు లేచింది. సంచి భుజాన ఉంది, అందులోవన్నీ నిండు తూటాలు. నా వైపు చూడకుండా తుపాకీ అందుకుంది. తూటా పెట్టింది. అచ్చం నేను నేర్పినట్టే ముందుకి వాలింది. చెక్క మాత్రం గుంటలో లేదు, ఎముక మీద ఉంది. నేను అరిచినా వినదు. నేను మా ఆయన వైపు చూశాను. చేత్తో కూరిన ఆయనకే సరిగ్గా తెలుసు ఆ తూటాలో ఎంత మందుందో.

"వొద్దు! బంగారీ, దించీ! అవి ఆ తూటాలు గావు!"

గాలిలో కూడా అందరికీ వినపడింది.

బంగారి తుపాకీ దించింది. దాలమ్మ మెల్లగా ఆయన వైపు తిరిగింది. "మరేటి తూటాలు బాబూ?"

నేను కొంగు ముడి విప్పి, ఇంకో తూటా మూతి పంటితో ఊడదీసి ముసలామె అరచేతిలో పెట్టాను. ఆమె వేలు పెట్టి లాగింది. దూది గాలికి లేచి పలక మీంచి సముద్రం వైపు పోయింది.

"ఇన్నేల్లు మా పిల్లలు కుండలు బోర్లించుకుని కూకున్నారు" అంది దాలమ్మ. అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది.

బంగారి బావ వైపే చూస్తూ ఉండిపోయింది. ఆ చూపు నాకు తెలుసు. ఏకాదశి నాడు నా మొహానా అదే ఉండి ఉంటుంది. అయినా రాయకుండా ఉండలేను. బంగారి కోసం ఆయన నోరు పెగిలింది. పంది రోజున, మా గట్టు జనం ముందే, నాకోసం పెగల్లేదు.

పాడ్యమి
భుజం: కింద రాశాను.

తలుపు మూయడం లేదు. వంతులు ఏడు అంకెతో మళ్ళీ ఆడాలని రాళ్లగట్టు వాళ్ళన్నారు, కాదనే మొహం మా వాళ్ళకి లేదు. పది రోజుల్లో మాకు మూడు మిగిలితే గొప్ప. ఊటకోన దారిలో నాకు ఎదురైనవాళ్ళు పక్కకి తిరిగారు. నలుగురి ఎదుట ఇంటి పరువు తీశానట. దూది కూరినవాళ్ళని ఎవరూ ఏమీ అనలేదు.

బంగారి వచ్చి, ఏమీ అనకుండా, వేడి ఇసక మూటతో నా భుజానికి కాపడం పెట్టింది. తూటాల సంచి తన దగ్గర లేదు. అది బతికి ఉంది, నాకు అది చాలు. మాకు మిగిలిన రోజుల నీళ్ళు మోసుకుంటాను.

మా ఆయన దిండు తెచ్చాడు. కొత్త బూరుగుదూది నిండా కూరాడు, కుట్టు కూడా సన్నగా, చక్కగా వేశాడు. "మెడ నొప్పన్నావు గదా" అన్నాడు. దాన్ని ఆయన చేతిలోనే పెట్టి, అమ్మ పాత చీర మడత పెట్టుకుని తల కింద పెట్టుకున్నాను. ఆయన దిండు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. ఎంతసేపు నిలబడ్డాడో నేను చూడలేదు.

భుజం: గుంటలో గట్టిగా ఒక కాయ లేస్తోంది. అమ్మకి ఉన్న చోటే. నిలబడడం రాక వచ్చిందని నవ్వేదాన్ని. అమ్మ కాలంలో తూటాలో దూది లేదు. నా తన్ను ఏడు, అమ్మది ఆరు. అమ్మే నాకంటే బాగా నిలబడింది.